వియ్యపురాలు అనే మాట లేని పాఠం

మా అబ్బాయి స్పెయిన్ అమ్మాయిని పెళ్లి చేసుకుంటానని చెప్పినప్పుడు నాకు మొదట కలిగిన బెంగ అమ్మాయి గురించి కాదు, వాళ్ల అమ్మగారి గురించి. ఆవిడకు ఇంగ్లీషు రాదు. నాకు స్పానిష్ రాదు. ప్రతి ఆదివారం ఫోను తెర మీద ఒకరి ముఖం ఒకరం చూసుకుని నవ్వుకోవడం, పిల్లలు మధ్యలో కూర్చుని మా నవ్వులకు అర్థాలు చెప్పడం. నాలుగు ఆదివారాలు అలా గడిచాక, రేపు బంధువు కాబోయే మనిషితో నేరుగా నాలుగు మాటలు మాట్లాడలేకపోతే ఎలా అనిపించింది. ఆ రాత్రే ఫోనులో స్పానిష్ నేర్పే కోర్సు ఒకదానికి చందా కట్టాను.

కోర్సు పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పబోయే లోపం ఆ ఒక్క కోర్సుది మాత్రమే కాదు, ఇంగ్లీషు మీదుగా స్పానిష్ నేర్పే ఏ కోర్సులోనైనా ఉండగలిగేది. కట్టబోయే ముందు ఏమి చూసుకోవాలో తెలిస్తే చాలు. నేను చేసింది కూడా మొత్తం కోర్సు కాదు. అందులో "కుటుంబం, పెళ్లి" అనే భాగం ఒక్కటే: పన్నెండు పాఠాలు, నూట నలభై దాకా మాటల కార్డులు. దాని మీద ఐదు నెలలు కూర్చున్నాను. ఇరవయ్యేళ్లు ప్రూఫులు దిద్దిన మనిషిని కాబట్టి ప్రతి కార్డునూ అక్షరం అక్షరం చూశాను.

ముందు మంచి చెప్పాలి, ఎందుకంటే మంచి నిజంగానే ఉంది. గొంతులు బాగున్నాయి. ఒక స్త్రీ, ఒక పురుషుడు, ఇద్దరూ స్పానిష్ మాతృభాషగా ఉన్నవాళ్లే. ప్రతి మాటనూ ఒకసారి నెమ్మదిగా, ఒకసారి మామూలు వేగంతో పలికారు. రెండో మంచి, మరచిపోయే వేళకు మాట మళ్లీ ఎదురురావడం. నేర్చుకున్నది ఎంత త్వరగా జారిపోతుందో, మళ్లీ మళ్లీ చూస్తే ఎలా నిలుస్తుందో 1885లోనే ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు తన మీద తానే ప్రయోగాలు చేసుకుని రాశాడు. ఈ కార్డులు నడిచేది ఆ దారిలోనే. ఈరోజు తప్పు చెప్పిన మాట రేపే వస్తుంది, సరిగ్గా చెప్పినది నాలుగు రోజులకు, ఆ తర్వాత రెండు వారాలకు వస్తుంది. ఐదు నెలల తర్వాత కూడా తొలివారం మాటలు నాకు తడుముకోకుండా వస్తున్నాయంటే ఆ పద్ధతే కారణం.

ఉచ్చారణ దగ్గర కోర్సు చెప్పని సంగతి ఒకటి నేనే కనిపెట్టాను. మన నోరు ఈ భాషకు ముందే తయారై ఉంది. కోర్సులో ఇంగ్లీషు అక్షరాలతో ఇచ్చిన ఉచ్చారణ చదివితే అత్తను, పిన్నిని పిలిచే మాట "టియా" అవుతుంది. చెవిపెట్టి వింటే అది స్పష్టంగా "తీయా". స్పానిష్ త, ద మన త, ద లాగే పళ్లకు నాలుక తగిలి వస్తాయి. అచ్చులు అ ఎ ఇ ఒ ఉ అని ఐదే, మనవిలాగే నిలకడైనవి. వదిన, మరదలు వంటి వరసలకు వాడే "కున్యాదా"లో వచ్చే ధ్వని మన ఞ. వర్ణమాలలో ఉండి మనకు విడిగా పని పడని ఆ అక్షరానికి అక్కడ నిత్యం పని ఉంది. గట్టి ర దగ్గర మన పాత బండి ఱను గుర్తు చేసుకున్నాను. మొదటి వారంలోనే ఇంగ్లీషు అక్షరాల ఉచ్చారణను మూసేసి, ప్రతి మాటనూ తెలుగు లిపిలో నోటు పుస్తకంలో రాసుకున్నాను. నా ఉచ్చారణ బాగుందని కోడలు అన్నదంటే ఆ పుస్తకం చలవే.

మనకు లేనిది ఊనిక. మాటలో ఏ అక్షరం మీద బరువు వేస్తామన్నది తెలుగులో అర్థాన్ని మార్చదు. అక్కడ మారుస్తుంది. చివరి అక్షరం మీద బరువు వేసి "పపా" అంటే నాన్న. మొదటి అక్షరం మీద వేసి "పాపా" అంటే పోప్‌గారు, లాటిన్ అమెరికాలో అయితే బంగాళాదుంప. ఆవిడ నాన్నగారి ఆరోగ్యం ఎలా ఉందని నేను అడిగిన మొదటి ఆదివారం ఆవిడ ఒక్క క్షణం ఆగి నా ముఖంలోకి చూసింది. బరువు ఎక్కడో చూపడానికి అచ్చు మీద గీసే గుర్తు గురించి కోర్సులో ఒక్క వాక్యం ఉంటే సరిపోయేది. గీత గీసి చూపారు కానీ ఆ గీత ఎందుకో చెప్పలేదు.

ఇక అసలు విషయం. మూడో పాఠం పెళ్లితో కలిసే బంధువుల గురించి. అత్తగారు "స్వేగ్రా", మామగారు "స్వేగ్రో", అల్లుడు "యెర్నో", కోడలు "న్వేరా". పరీక్షలో స్పానిష్ మాట వినిపిస్తారు, మనం ఇంగ్లీషు అర్థం టైపు చేయాలి. ఇంగ్లీషులో అత్తగారికి మూడు ముక్కల మాట ఉందిగా, ఆ ముక్కల మధ్య చిన్న గీతలు పెట్టలేదని నా జవాబు తప్పన్నారు. స్పానిష్ నాకు వచ్చింది. అది తెలుగులో నాకు అత్తగారని కూడా వచ్చింది. మధ్యలో ఇంగ్లీషు గీత రాలేదు. ఆ రోజు నాకు కోపం వచ్చింది. నేను ఏ భాషలో పరీక్ష రాస్తున్నానో కోర్సుకే తెలియదనిపించింది.

కోపం పోయి బాధ మొదలైంది అదే పాఠం చివర. నేను ఈ కోర్సు కొన్నదే ఒక మనిషి కోసం. ఆ మనిషి నాకు ఏమవుతుంది? వియ్యపురాలు. ఆ మాట కోసం నూట నలభై కార్డులూ వెతికాను. లేదు. కారణం తేలికే. ఇంగ్లీషులో ఆ వరసకు నిత్యం వాడే మాట లేదు. పాఠం ఇంగ్లీషు మాటల పట్టీలోంచి పుట్టింది కాబట్టి, ఇంగ్లీషులో లేని బంధువు స్పానిష్‌లోనూ లేకుండా పోయింది.

కానీ స్పానిష్‌లో ఆ మాట ఉంది. "కోన్‌స్వేగ్రా". వియ్యంకుడైతే "కోన్‌స్వేగ్రో". మాద్రిద్‌లోని రాయల్ స్పానిష్ అకాడమీ నిఘంటువులో దొరికింది. 1713లో స్థాపించిన ఆ అకాడమీ నిఘంటువు ఇరవై మూడో ముద్రణ 2014లో వచ్చింది, ఇంటర్నెట్‌లో ఎవరైనా పైసా కట్టకుండా చూసుకోవచ్చు. దంపతుల్లో ఒకరి తల్లిదండ్రులు రెండోవారి తల్లిదండ్రులకు ఏమవుతారో ఆ అర్థం అక్కడ సూటిగా ఉంది. ఆ పక్కనే ఇంకో మాట కనిపించింది, "కోన్‌కున్యాదో". భార్య అక్క భర్త గానీ చెల్లెలి భర్త గానీ. మన తోడల్లుడు. స్త్రీలింగంలో "కోన్‌కున్యాదా" అంటే ఇద్దరు అన్నదమ్ములను చేసుకున్న ఇద్దరు ఆడవాళ్లు ఒకరికొకరు. మన తోడికోడళ్లు.

ఆ "కోన్" అన్న ముందుముక్క చూడండి. స్పానిష్‌లో విడిగా "కోన్" అంటే "తో". అంటే తోడు. తోడల్లుడు, తోడికోడలు అని మనం కట్టుకున్న పద్ధతిలోనే వాళ్లూ కట్టుకున్నారు. ప్రూఫుల బల్ల దగ్గర ఎన్నో వేల మాటలు నా కళ్ల ముందు నుంచి పోయాయి కానీ, ఒక మాట విరిచి చూసి ఇంత సంతోషపడిన రోజు నాకు గుర్తు లేదు. రెండు భాషలకూ దగ్గరి చుట్టరికమేమీ లేదు, ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకోనూ లేదు. అయినా ఇంట్లో మనుషుల మధ్య ఉన్న ఒక బంధానికి రెండు చోట్లా ఒకే రకంగా పేరు పెట్టాలనిపించింది. ఈ సంతోషం ఇంగ్లీషు మీదుగా వెళ్లేవారికి దక్కదు.

అప్పటినుంచి ప్రతి కార్డునూ తెలుగు పక్కన పెట్టి చూడటం మొదలుపెట్టాను.

పెళ్లి అనే క్రియ తీసుకోండి. కోర్సులో "కసార్", "కసార్సే" అని రెండు కార్డులున్నాయి, రెండింటికీ ఇంగ్లీషులో ఒకే అర్థం ఇచ్చారు. తేడా ఏమిటో చెప్పలేదు. వాక్యాలు చూశాక నాకు తెలిసింది. తండ్రి కూతురికి పెళ్లి చేస్తే "కసార్". కూతురు తానే పెళ్లి చేసుకుంటే "కసార్సే". చేయడం, చేసుకోవడం! మనం "కొను" చేర్చి చెప్పేదాన్ని వాళ్లు "సే" చేర్చి చెబుతారు. తెలుగు పిల్లలకైనా ఒక్క నిమిషంలో అర్థమయ్యే ఈ తేడాను ఇంగ్లీషు ఒకే మాటలో ముంచేసింది. పైగా "కసార్సే" తర్వాత ఎవరిని అన్నచోట "కోన్" రావాలి. ఫలానా ఆయనతో పెళ్లయింది అని మనం అనే తీరులోనే. ఇంగ్లీషులో ఆ "తో" ఉండదు కాబట్టి కోర్సు దాన్ని ప్రత్యేక నియమంగా, ఎర్ర పెట్టెలో, జాగ్రత్త అని రాసి పెట్టింది. మనకు జాగ్రత్త పడాల్సిన అవసరమే లేదు.

ఇదే మాటలో ఇంకో లోతు. "కసార్" పుట్టింది "కాసా" నుంచి. కాసా అంటే ఇల్లు. పెళ్లయినవాడికి ఇల్లు కావాలనే అర్థంతో వాళ్లకు ఒక సామెత ఉంది: "ఎల్ కసాదో కాసా క్యేరే." మనం పెళ్లయినవాణ్ణి ఏమంటాం? ఒక ఇంటివాడయ్యాడు అంటాం. ఇల్లాలు అన్న మాట ఇల్లులోంచే వచ్చింది. పెళ్లి వేడుకకు వాళ్ల మాట "బోదా". అది లాటిన్‌లో ప్రమాణాలు, మొక్కులు అనే మాట నుంచి వచ్చింది. ఇలాంటివి ఒక్క వాక్యంలో చెబితే మాట జన్మలో మరచిపోం. కోర్సు మాత్రం బోదా కార్డు మీద ఒక తెల్ల గౌను బొమ్మ పెట్టి ఊరుకుంది.

భార్య అన్న మాట దగ్గర కోర్సు నిజంగా హాని చేసింది. "ముహేర్" అంటే స్త్రీ, భార్య అని రెండర్థాలు. "మి ముహేర్" అని భర్త అనడం మొరటు, "ఎస్పోసా" వాడండి అని కార్డు కింద సలహా రాశారు. ఇంగ్లీషులో నా ఆడమనిషి అంటే మొరటుగానే ఉంటుంది. స్పెయిన్‌లో అది ఇంటింటా వినిపించే మర్యాదైన మాట. మా వియ్యంకుడు నాతో మాట్లాడిన మొదటి రోజే తన భార్యను అలాగే పరిచయం చేశారు. కోర్సు సలహా నమ్మి ఆయన్ను ఒక్క రోజు తప్పుగా అనుకున్నాను, అందుకు ఇప్పటికీ నొచ్చుకుంటున్నాను. మనం "మా ఆవిడ" అనమా? ఆవిడ అంటే ఎవరో ఒక స్త్రీ అనే కదా అర్థం? "మి ముహేర్"కు సరైన తెలుగు మా ఆవిడ. "మి మరీదో"కు మా ఆయన. ఇంతకంటే దగ్గరి అనువాదం ఉండదు.

అర్థాలు తెలుగులో చూపే ఏర్పాటు కూడా కోర్సులో ఉంది. నొక్కి చూశాను. "ఫమీలియా పొలీతికా" అన్నదానికి "రాజకీయ కుటుంబం" అని వచ్చింది. పెళ్లి ద్వారా కలిసిన చుట్టాలను, అంటే అత్తింటివారిని, స్పానిష్‌లో అలా అంటారు. కూతురు "ఇహా", కోడలిని "ఇహా పొలీతికా" అని కూడా అంటారు. ఎవరో ఒక తెలుగు మనిషి ఒక్కసారి చదివి ఉంటే ఆ తప్పు అచ్చులోకి వచ్చేది కాదు. యంత్రానికి అప్పగించి కన్నెత్తి చూడలేదు. నా ఉద్యోగం గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. ఆ ఏర్పాటు జోలికి వెళ్లకండి.

తెలుగు మీదుగా వెళితే అన్నీ అతుకుతాయని చెప్పను. అతకనివి ఉన్నాయి, వాటిని ముందే తెలుసుకుంటే మంచిది. "తీయో" అన్న ఒక్క మాటలో మన పెదనాన్న, చిన్నాన్న, మేనమామ అందరూ ఇమిడిపోతారు. "ఎర్మానో" అన్నా కావచ్చు, తమ్ముడూ కావచ్చు, పెద్దవాడో చిన్నవాడో చెప్పాలంటే వెనక "మయోర్" అనో "మెనోర్" అనో చేర్చాలి. అమ్మమ్మా నాయనమ్మా ఇద్దరూ "అబ్వేలా"నే. బావ, బావమరిది, మరిది ముగ్గురూ "కున్యాదో". మా తమ్ముణ్ణి, మా పెద్దన్నయ్యను ఆవిడకు పరిచయం చేస్తూ ఇద్దరినీ ఒకే మాటతో ఎర్మానో అన్నప్పుడు, పెద్దవాడి పెద్దరికం ఎక్కడో జారవిడిచినట్టు నాకు ఇబ్బందిగా అనిపించింది. బహువచనంలో పురుషుల మాటే ఇద్దరినీ కలుపుకుంటుంది: పాద్రే అంటే తండ్రి, "పాద్రెస్" అంటే తల్లిదండ్రులు. "ఎర్మానోస్" అంటే అన్నదమ్ములు మాత్రమే కాదు, అక్కచెల్లెళ్లు కూడా. అక్కడ మాత్రం తోబుట్టువులు అన్న మాట చక్కగా సరిపోయింది. "పర్యేంతెస్" చూసి తల్లిదండ్రులనుకోకండి, ఇంగ్లీషు వచ్చినవాళ్లందరూ పడే గుంట అది. దాని అర్థం బంధువులు. ఆ హెచ్చరిక కోర్సులో ఉంది, బాగా చెప్పారు.

సంస్కృతం కాస్త తెలిసినవారికి ఇంకో తాళంచెవి ఉంది. స్పానిష్ లాటిన్ బిడ్డ. లాటిన్, సంస్కృతం ఒకే మూలం నుంచి చీలిన భాషలు. అందుకే స్వేగ్రో పక్కన శ్వశుర పెట్టండి, న్వేరా పక్కన స్నుష పెట్టండి, మనవడు అనే "న్యేతో" పక్కన నప్తృ పెట్టండి. వితంతువు వాళ్లకు "బ్యూదా". రాతలో మొదటి అక్షరం వకారమే, పలకడంలో బ అవుతుంది. విధవ అన్న సంస్కృత మాటకు అది సొంత చెల్లెలు. భార్యాభర్తల్లో ఎవరినైనా చెప్పే "కోన్యుహే" అన్న మాటలో ఉన్నది కాడి. ఒకే కాడికి కట్టినవారని. ఆ ధాతువే మన యుగళంలో, యుగ్మంలో ఉంది. ఈ ఐదారు మాటలకు నేను కార్డులు తిప్పనే లేదు, ఒక్కసారి చూస్తే నిలిచిపోయాయి.

నువ్వు, మీరు తేడా మనకు చెప్పక్కర్లేదు. "తూ", "ఉస్తెద్". ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట కాబట్టి కోర్సు దీని మీద రెండు పాఠాలు ఖర్చు పెట్టింది. ఆ రెండూ నేను దాటేశాను. ఒక్కటి మాత్రం నేర్చుకోవాలి: మనం పెద్దవాళ్లకు మీరు అనడంలో ఉన్నంత పట్టుదల స్పెయిన్‌లో ఇప్పుడు లేదు. నేను ఉస్తెద్ అంటుంటే ఆవిడే రెండో వారం, తూ అనమని అడిగింది. దూరం పెడుతున్నానేమో అనుకున్నదట.

కోర్సు మరో తప్పు దిద్దుకోవాలి. పెళ్లయిన స్థితిని చెప్పడానికి ఇంగ్లీషు "ఈజ్" చోట వచ్చే "ఎస్" అయినా "ఎస్తా" అయినా రెండూ సరైనవే. కోర్సు ఒకదాన్నే ఒప్పుకుని రెండోది తప్పని నాలుగుసార్లు మార్కులు కోసింది. రాసి పంపాను. ఇంకా మారలేదు.

ఇంటిపేరు పాఠం మరీ అన్యాయం. పెళ్లయ్యాక ఆమె ఇంటిపేరు మారింది అనే వాక్యాన్ని అనువదించమంటారు. స్పెయిన్‌లో పెళ్లితో ఎవరి ఇంటిపేరూ మారదు. ప్రతి మనిషికీ రెండు "అపెయీదోస్" ఉంటాయి, ఒకటి తండ్రి వైపుది, ఒకటి తల్లి వైపుది. ఏది ముందు పెట్టాలో తల్లిదండ్రులు ఎంచుకోవడానికి 1999 నాటి చట్టం వీలిచ్చింది. మా కోడలి ఇంటిపేర్లు రెండూ పెళ్లి తర్వాత ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. ఆ పాఠం రాసినవారికి స్పానిష్ మాటలు తెలుసు, ఆ మాటలు మాట్లాడే ఇళ్లు తెలియవు.

పెళ్లికి స్పెయిన్ వెళ్లాక కోర్సు ఎంతవరకు పనికొచ్చిందో తేలింది. వెళ్లే ముందు ఒక ఆదివారం ఆవిడ నన్ను చూపించి "మద్రీనా" అన్నది. కోర్సు కార్డు ప్రకారం మద్రీనా అంటే బిడ్డకు చర్చిలో జ్ఞానస్నానం చేయించేటప్పుడు నిలబడే జ్ఞానతల్లి. నాకు అర్థం కాలేదు, బెదిరిపోయాను. తర్వాత తెలిసింది, పెళ్లిలో మద్రీనా అంటే ఆనవాయితీగా పెళ్లికొడుకు తల్లి. కొడుకు చేయి పట్టుకుని నడిపించుకు వెళ్లేది ఆవిడే. పెళ్లికూతురి తండ్రి "పద్రీనో". నా బిడ్డ పెళ్లిలో నాకున్న స్థానానికి పేరు అది. ఆ అర్థం కార్డు మీద ఉండి ఉంటే ఆ మాట విన్న క్షణంలోనే నాకు కన్నీళ్లు వచ్చేవి. మూడు రోజులు ఆలస్యంగా వచ్చాయి.

మావాళ్లది చర్చి పెళ్లి కాదు, నగరపాలక సంస్థ భవనంలో జరిగింది. అయినా మద్రీనా, పద్రీనో ఉండాలని వాళ్లు కోరుకున్నారు. చర్చి పెళ్లిలో వరుడు వధువు చేతిలో పోసే పదమూడు నాణేలను "అఱ్ఱాస్" అంటారని, తన పెళ్లి నాటివి దాచుకున్నానని ఆవిడ చూపించింది. అక్కడ నా బండి ఱ పనికొచ్చింది. పెళ్లి జరిపించిన కౌన్సిలర్ స్పెయిన్ సివిల్ కోడ్‌లోని 66, 67, 68 అధికరణలు చదివారు. కోర్సు నేర్పిన "మరీదో", "ముహేర్" ఆ మూడింటిలో ఒక్కచోట కూడా వినిపించలేదు. ప్రతిచోటా "కోన్యుహెస్". 2005లో ఒకే లింగం వారి పెళ్లిళ్లకు చట్టం సమ్మతించినప్పుడు 66, 67లలో ఉన్న భర్త, భార్య అన్న మాటలు తీసి అక్కడ ఈ మాట పెట్టారు. కోర్సు పట్టీలో ఈ మాట లేదు. నిఘంటువులో ముందే చూసుకున్నాను కాబట్టి, దంపతులు హక్కుల్లోనూ బాధ్యతల్లోనూ సమానులు, ఒకరినొకరు గౌరవించుకోవాలి, ఆదుకోవాలి, ఇంటి పనులు పంచుకోవాలి అని ఆమె చదువుతుంటే, పక్కన ఎవరూ చెప్పకుండానే నాకు అర్థమైంది. "సీ, క్యేరో" అని మా అబ్బాయి అన్నాడు. మాటకు మాట చెబితే "అవును, నాకు ఇష్టం" అని. కోర్సులో దీనికి "సీ, అసెప్తో", అంటే అవును, ఒప్పుకుంటున్నాను అని మాత్రమే ఉంది. లాటిన్ అమెరికాలో అలా అంటారు, తప్పు కాదు. రెండూ ఇవ్వాల్సింది.

కొనాలా అని అడిగితే నా జవాబు ఇది. గొంతుల కోసం, మళ్లీ మళ్లీ గుర్తు చేసే పద్ధతి కోసం రెండు నెలలు చందా కట్టండి. అంతకంటే అక్కర్లేదు. ఆ రెండు నెలల్లోనే పక్కన మీ కార్డులు మీరు తయారు చేసుకోండి. నేను కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఆంకీ అనే కార్డుల ప్రోగ్రాము వాడాను. ఒక వైపు స్పానిష్, రెండో వైపు తెలుగు, ఇంగ్లీషు ఎక్కడా లేదు. మాటలు అక్షర క్రమంలో పెట్టుకోలేదు. ఒక పెద్ద కాగితం మీద మా రెండు కుటుంబాల వంశవృక్షం గీసి, ప్రతి మనిషి పక్కన ఆ మనిషి నాకేమవుతాడో స్పానిష్‌లో రాశాను. ఊహలోని అత్త కంటే నిజమైన మనిషి ముఖం మాటను గట్టిగా పట్టుకుంటుంది. సందేహం వస్తే అకాడమీ నిఘంటువు చూశాను. అర్థాలూ స్పానిష్‌లోనే ఉంటాయి కాబట్టి మొదట కష్టమే. నెల తిరిగేసరికి కుటుంబం మాటల వివరణలు చదవగలిగాను, ఎందుకంటే ఆ వివరణల్లో తిరిగేవి కూడా తండ్రి, తల్లి, కొడుకు, కూతురు అన్న మాటలే. నా పెట్టెలో మొత్తం తొంభై నాలుగు కార్డులు తేలాయి. కోర్సు ఇచ్చిన నూట నలభైలో సగానికి పైగా వదిలేశాను, అందులో లేనివి ముప్పై దాకా చేర్చాను.

పెళ్లయిన తర్వాతి ఆదివారం ఆవిడే అడిగింది, మీ భాషలో నన్ను ఏమంటారని. వియ్యపురాలు అని చెప్పి, కోన్‌స్వేగ్రాకు సరిగ్గా అదే మాట అన్నాను. మరి పిలిచేటప్పుడు అని అడిగింది. వాళ్లలో ఎవరూ ఎవరినీ కోన్‌స్వేగ్రా అని పిలవరట, పేరు పెట్టే పిలుచుకుంటారట. మేము వదినగారూ అని పిలుచుకుంటాం అన్నాను. వదిన అంటే ఏమిటని మళ్లీ అడిగింది. ఆలోచించి కున్యాదా అన్నాను. అయితే మనం అక్కాచెల్లెళ్లంత దగ్గరవుతామా అని ఆవిడ అన్నది. అవుతాం అన్నాను. ఆవిడ నోట వ పలకదు, బ వస్తుంది. బదినా అన్నది. కింది పెదవి పంటికి దగ్గరగా తెచ్చి చూపించాను. మూడు ఆదివారాలు పట్టింది. ఇప్పుడు ఫోను ఎత్తగానే ముందు వినిపించేది "వదినగారూ" అన్న పిలుపే.